సీటు బెల్టు చివరి మూర

మొన్న వాన వెలిసిన సాయంత్రం మా ఎదురింటి పంతులమ్మ, కొత్తగా కొన్న పాత కారులో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పుకొస్తానంది. ఎక్కి తలుపు వేయగానే కాళ్ళ కింది తడి పట్టా వాసనా, సీట్లకు కొట్టిన సెంటు వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. నన్ను అడగకుండానే నా చేయి భుజం పక్కకు పోయింది. సీటు బెల్టును అందరూ లాగినంత మేరే లాగి ఊరుకోలేదు. ఇంకా లాగాను, లోపలి చక్రం టక్కుమని ఆగేదాకా లాగాను. ఎవరి పొట్టా ఎన్నడూ తాకని ఆ చివరి మూర పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, వేళ్ళు వాసన చూసుకున్నాను.

"ఏం చేస్తున్నరు తాతా?" అంది పంతులమ్మ, బండి స్టార్ట్ చేయడం మరిచిపోయి.

"నీ బండి పుట్టుపూర్వోత్తరాలు సదువుతున్న బిడ్డా. నడువు, మంచిగనే ఉన్నది," అన్నాను.

మీకు తెలియదు గానీ, అనంతగిరి గుట్టకు ఇటు వికారాబాదులో, అటు తాండూరులో పాత కారు కొనాలనుకున్నవాడు ముందు నన్ను వెతుక్కుంటూ వస్తాడు. ఈ వేళ్ళ కింద మూడు వందల బండ్లు పోయాయి. ఒక్కదాని విషయంలోనూ నా మాట తప్పలేదు. బానెట్ మీద చేయి వేస్తే చాలు, అది ఎవరింట్లో ఎలా బతికిందో చెప్పేస్తాను. ఈ మాటలు నేను పెళ్ళిళ్ళలో, చావుల దగ్గర, స్టేషన్ రోడ్డులోని మా బట్టల దుకాణంలో చీర మడతలు విప్పుతూ కూడా చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు తలలూపేవాళ్ళు. తలలూపేవాళ్ళు దొరికితే నేను ఆగను.

ఈ విద్య నాకు నేర్పినవాడు బీరప్ప. తాండూరులో బండల పాలిష్ యూనిట్ల వెనక సందులో రేకుల షెడ్డు వేసుకుని డెంటింగ్ పని చేసేవాడు. సొట్టలు పోయిన కార్లను సుత్తితో లోపలినుంచి కొట్టి సరిచేయడం ఆయన వృత్తి. పుట్టింది బొంరాస్‌పేట దిక్కు, గొర్ల కాపరుల ఇంట్లో. గొర్రెలు తమ్ముడి పాలికి పోయాయి, సుత్తి ఈయన చేతికి వచ్చింది. కుడి బొటనవేలి గోరు ఎన్నడో సుత్తి కింద పడి చపాతీలా అణిగిపోయింది. కారు కింద దూరాల్సి వచ్చినప్పుడు మిగతా మెకానిక్కులు అట్టముక్క వేసుకుంటారు. బీరప్ప తన తండ్రి గొంగడి పరుచుకునేవాడు. ఆ నల్ల గొంగడి మీద తాండూరు రాతి పొడి పడీ పడీ, అది నలుపో తెలుపో చెప్పలేని రంగుకు వచ్చింది. అక్షరం ముక్క రాదు. దుకాణాల పేర్లు కూడా బోర్డు రంగును బట్టి గుర్తుపట్టేవాడు.

మొదటిసారి ఆయన దగ్గరికి పోయింది ఒక అబద్ధం దాచుకోవడానికి. మా దుకాణం వ్యాను ఎడమ వైపు లోపలికి నొక్కుకుపోయింది. ఇంట్లో లారీ గుద్దిందని చెప్పాను. ఆ లారీ ఎంత వేగంగా వచ్చిందో, నేను ఎంత ఒడుపుగా తప్పించానో కూడా చెప్పాను. వికారాబాదులో బాగుచేయిస్తే ఎవరో ఒకరు నోరు జారుతారని, గుట్ట దాటించి తాండూరు తీసుకుపోయాను. బీరప్ప నా కథంతా విన్నాడు. కళ్ళు మూసుకుని ఆ సొట్ట మీద అరచేత్తో, నొప్పెక్కడుందో వెతికినట్టు, మెల్లగా రాశాడు.

"సేటు, లారీ ఎంత ఎత్తు ఉంటది?"

"ఎందుకు?"

"గీ సొట్ట మోకాలంత ఎత్తుల ఉన్నది. మోకాలంత లారీ నేనైతే యాడ సూడలే." తరువాత గోరుతో సొట్ట అంచును గీకి, ఆ గోరు నా కళ్ళ ముందు పెట్టాడు. గోరు కింద పచ్చ రంగు. "గా లారీకి పచ్చ గేటు గిట్ల ఉండెనా?"

మా ఇంటి గేటు రంగు పచ్చ. నేను నవ్వాను, అంతకంటే చేసేదేమీ లేక. బీరప్ప నవ్వలేదు. "సొట్ట నేను తీస్త. లారీ ముచ్చట నువ్వు సూసుకో," అని పనిలోకి దిగాడు. ఆ తరువాత ఎన్నేళ్ళు మా ఇంటికి వచ్చిపోయినా, మా ఆవిడ ముందు ఆ గేటు పక్కనే నిలబడినా, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

అప్పటినుంచి ఆదివారాలు దుకాణం మూసి తాండూరు పోవడం నాకు అలవాటైంది. ఆయన పని చూస్తూ, చాయ తాగుతూ, సుత్తి దెబ్బల మధ్య దొరికిన మాటలు ఏరుకునేవాణ్ణి. పాత బండి చూపించడానికి ఎవరైనా వస్తే బీరప్ప ముందు తలుపు తెరిచి, వంగి, పెడళ్ళ రబ్బరు చూసేవాడు. ఒకనాడు ఒకాయన వచ్చి, మీటరులో కిలోమీటర్లు చాలా తక్కువని, బండి ఇంట్లోనే పడి ఉండేదని గొప్పగా చెప్పాడు. బీరప్ప బ్రేకు పెడల్ మీది రబ్బరు వేలితో తడిమాడు. గాట్లు పూర్తిగా అరిగి అద్దంలా ఉంది. "ఇంట్ల పడి ఉన్న బండికి గింత బ్రేకు ఎవరు కొట్టిండ్రు సారూ? పిల్లి కొట్టిందా?" అన్నాడు.

ఆయన వెళ్ళాక నాకు చెప్పిన మాట ఇది: "మా నాయిన అంగట్ల గొర్రెను కొనేటప్పుడు ముందు పండ్లు సూసేటోడు. మల్ల ఉన్నిని పాయ దీసి తోలు సూసేటోడు. ఆఖరికి నడిపిచ్చి ఎనకకెళ్ళి సూసేటోడు. అమ్మేటోని మొకం మాత్రం సూసేటోడు కాదు. మొకం సూస్తే మోసపోతం సేటు." బండికి పెడళ్ళు పండ్లు. కింద పరిచిన పట్టా ఉన్ని. దాన్ని లేపితే తోలు కనబడుతుంది. ఇక నడిపించడం, మాట్లాడకుండా, రేడియో పెట్టకుండా. సీటు బెల్టు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. బండిని కడిగేవాళ్ళు అన్నీ కడుగుతారు గానీ బెల్టును చివరిదాకా లాగి కడిగేవాడు అరుదట. బండికి ఏమైందో ఆ చివరి మూర దాచుకుంటుందన్నాడు. నేను తలూపాను. ఏమి దాచుకుంటుందో అడగలేదు. అడగకపోవడం నా పాత జబ్బు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మూడు వందల బండ్లు అన్నాను. పదకొండు. అందులో ఒకటి ఆటో. ఇంకొకటి ఒకే బండిని ఇద్దరు అన్నదమ్ములు వేరువేరుగా తెచ్చి చూపించారు కాబట్టి రెండుగా లెక్కపెట్టాను. వాటిలో చాలావాటి మీద నేను చెప్పిన తీర్పు, అంతకు ముందు ఆదివారం బీరప్ప నోట విన్నదే. నా మాట ఎన్నడూ తప్పలేదన్నది కూడా నిజం కాదు. ఆ తప్పు నా బిడ్డ విషయంలోనే జరిగింది.

మా స్వరూప తాండూరు ఆసుపత్రిలో నర్సు. ఉండేది వికారాబాదులో, మాతోనే. మా మనవరాలిని కూడా తాండూరు బడిలోనే వేసింది, కళ్ళ ముందు ఉంటుందని. అంటే తల్లీ పిల్లా రోజూ గుట్ట ఎక్కి దిగాలి. డ్యూటీ దిగే వేళకు బస్సు ఉండదు, బస్సు ఉన్నప్పుడు డ్యూటీ దిగదు. పాత కారొకటి చూసుకుంటానంది. వికారాబాదులోనే ఒక వ్యాపారి దగ్గర తెల్ల కారు కనబడింది. అది నచ్చి, బండి నంబరు కొడితే చరిత్ర అంతా చెప్పే రిపోర్టు ఫోనులో తెప్పించింది. నేను దాన్ని జిరాక్సు దుకాణంలో కాగితం మీద తీయించాను. నాలుగు పేజీలు. కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ అంతకు ముందు అర్థమైనది కూడా చేజారిపోయింది.

వ్యాపారి ఒక్క చేతి బండి అన్నాడు. రిపోర్టులో ముగ్గురు ఓనర్లు. అదేమిటంటే, "మొదలు కంపెనీ పేరు, మల్ల సారు పేరు, మల్ల మేడం పేరు. ఒక్క ఇల్లే కదా సేటు," అన్నాడు. నిజమే కావచ్చు అనిపించింది. సర్వీసులన్నీ పట్నంలో ఒకే వర్క్‌షాపులో క్రమంగా జరిగి, ఒక ఆగస్టు దగ్గర ఆగిపోయాయి. ఆ తరువాతది మరుసటి ఏడు అక్టోబరు. మధ్యలో ఏడాదికి పైగా ఖాళీ. "సారు బయటి దేశం పోయిండు, బండి షెడ్డుల ఉండె," అన్నాడు. అదీ నిజమే కావచ్చు. బీమా క్లెయిమ్ ఒకటి, ఆ ఆగస్టు తరువాతి సెప్టెంబరులో. వివరాలు అందుబాటులో లేవు. "అద్దం పగిలి ఉంటది." అదీ కావచ్చు. ప్రమాదాలు అన్నచోట మాత్రం రికార్డు లేదు అని పక్కన పచ్చ గుర్తు ఉంది. ప్రతి జవాబూ విడిగా చూస్తే సరిగ్గానే ఉంది. అన్నీ కలిపి చూద్దామంటే తల తిరుగుతోంది. చివరికి నేను చదవడం మానేసి గుర్తులు లెక్కపెట్టాను. పచ్చవి చాలా ఉన్నాయి, ఎర్రది ఒక్కటీ లేదు. పరీక్ష పేపరు దిద్దినట్టు బండికి ఫస్టు క్లాసు ఇచ్చేశాను.

కాగితం అయ్యాక చేతి పని. వ్యాపారి ముందు, స్వరూప ముందు, చాయ తెచ్చిన మనిషి ముందు నా విద్యంతా ప్రదర్శించాను. పెడళ్ళు బాగున్నాయి. రేకు మీద వేలితో కొడితే ఎక్కడా లప్పం పూసిన మొద్దు చప్పుడు రాలేదు. చివరికి బెల్టు లాగాను. చివరి మూరలో బూడిద రంగు మెత్తటి పొడి వేళ్ళకు అంటింది. చూడగానే నవ్వొచ్చింది. తాండూరు రాతి పొడి! తాండూరులో ఆరేసిన బట్టల మీద, చాయ మీది మీగడలో, మనుషుల కనుబొమ్మల్లో ఉండే పొడి. అది లేని బండి తాండూరు చుట్టుపక్కల ఉంటే కదా ఆశ్చర్యం.

"గిది మన తాండూరు బండల పొడి," అని ప్రకటించాను.

"అవు సేటు, తాండూరుదే," అన్నాడు వ్యాపారి, నేను నోరు మూయకముందే.

స్వరూప ఆ పొడిని తనూ వేలితో తీసి చూసుకుంది. "నాయినా, బీరప్ప కాకను ఒక్కసారి అడుగుదమా?" అంది. అప్పటికి బీరప్పకు దగ్గు ముదిరింది. సుత్తి పట్టడం తగ్గించి, షెడ్డు ముందు కూర్చుని ఉండేవాడు. "ఆయనను ఎందుకు పరేషాన్ చేసుడు? నేను సూసిన గదా," అన్నాను. అందులో ఆయన మీద జాలి కొంతే. ఒక్కసారైనా బీరప్ప పేరు లేకుండా నా పేరు మీద ఒక బండి ఖాయం కావాలన్న కోరిక మిగతాదంతా. బయానా ఇచ్చేశాం. రెండు రోజుల్లో బండి ఇంటికి తెచ్చుకోవాలి.

మర్నాడు పొద్దున నాకు మనసు నిలవలేదు. ప్యాసింజరు రైలెక్కి తాండూరు పోయాను. రిపోర్టు కాగితాలు బీరప్ప ముందు పెట్టి, బెల్టు పొడి సంగతి చెప్పాను. ఆ రోజు ఆయన ముఖం ఎలా ఉందో ఎందుకో గుర్తుకు రాదు. గొంతు మాత్రం, ఒక్కో మాటకూ మధ్య వచ్చిన దగ్గుతో సహా, అలాగే ఉండిపోయింది.

"సదువు. ఉరకకు. ఒక్కొక్కటి సదువు," అన్నాడు.

ప్రమాదాలు, రికార్డు లేదు అన్న దగ్గర ఆపమన్నాడు. "కాలేదని రాసిండ్రా, రాసింది దొరకలేదని రాసిండ్రా?"

"రికార్డు లేదు అని ఉన్నది."

"నేను పుట్టిన దినం గుడ మా ఊర్ల ఎవ్వడు రాయలే. గట్లని నేను పుట్టలేదా?"

తరువాత ఓనర్లు. ముగ్గురిదీ పట్నమే. సర్వీసులు ఎక్కడ? అన్నీ పట్నమే. "గీ బండి తాండూరు మొకం ఎన్నడు సూసింది?" రిపోర్టులో ఎక్కడా తాండూరు లేదు. "మరి తాండూరు పొడి పట్నందాక ఎగిరిపోయి బెల్టు లోపట దూరిందా? సక్కగ సుట్టుకోని ఉన్న బెల్టు ఆఖరి మూరలకు ఉత్త దుమ్ము పోదు. నీళ్ళు పోతయి. నీళ్ళు మోసుకపోయిన బురద ఆడ ఎండుతది. సర్వీసు ఏ నెలల ఆగింది?"

"ఆగస్టు."

"గా నెలల పట్నంల ఏమయితది?"

వానలు పడతాయి. గల్లీలు మునుగుతాయి. మునిగిన బండికి సెప్టెంబరులో బీమా అడుగుతారు. ఏడాది పాటు ఆరబెట్టి, విప్పి, కడిగి, సెంటు కొట్టి అమ్ముతారు. నాలుగు పేజీల్లో విడివిడిగా పడి ఉన్న ముక్కలన్నీ ఒకదాని పక్కకు ఒకటి వచ్చి కూర్చున్నాయి. "కాయిదం యాడ తిరిగిందో చెప్తది. చెయ్యి ఏమయిందో చెప్తది. రెంటిని ఎదురెదురు కూసోబెట్టి అడగాలె. ఒక్కదాన్నే అడిగితె రెండు గుడ అబద్ధమాడుతయి," అన్నాడు. అప్పుడే దగ్గు తెర వచ్చి మాట ఆగింది. గ్లాసుతో నీళ్ళిచ్చాను. తాగి, మళ్ళీ అన్నాడు: "నీళ్ళు తాగిన వైరు ఎప్పుడు సస్తదో ఎవ్వనికి ఎరుక లేదు. గుట్ట దిగేటప్పుడు బండి బందయిందనుకో, స్టీరింగు బిగుసుకపోతది, బ్రేకు రాయి అయితది. ఎనక సీట్ల పోరి ఉంటది."

ఆ రోజే బీరప్ప వ్యాపారి దగ్గరికి వచ్చాడు. గొంగడి పరిచి, ఆ దగ్గుతోనే, సీటు కింద తల పెట్టి చూశాడు. సీటు బిగించిన బోల్టులు లోపలివైపు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. బెల్టు పొడిని కాస్త ఉమ్మి తడితో వేళ్ళ మధ్య రుద్ది చూపించాడు. రాతి పొడైతే సున్నంలా జారుతుందట, ఇది బంకలా పట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు మోరీ వాసన. మేము ఆ బండి తీసుకోలేదు. తరువాత స్వరూప కొన్న బండిని బీరప్ప తన చేత్తో చూసి సరేనన్నాడు. ఇప్పటికీ అందులోనే తల్లీ పిల్లా గుట్ట ఎక్కి దిగుతున్నారు. ఆయన చూసిన ఆఖరి బండి అదే. ఆ చలికాలం దాటలేదు. ఊపిరితిత్తుల్లో ఏం పేరుకుందో డాక్టర్లు ఏదో పేరు చెప్పారు. నాకు ఆ పేరు కూడా రిపోర్టులాగే అర్థం కాలేదు.

ఇప్పుడు ఎవరైనా పాత బండి గురించి అడిగితే, నేను ముందు రిపోర్టు చదివించుకుంటాను. ఆ తరువాత బెల్టు లాగుతాను. మళ్ళీ రిపోర్టు దగ్గరికి వస్తాను. అంతా చేశాక కూడా నాకు పూర్తిగా తెలిసిందని అనిపించదు. తెలియదని పైకి చెప్పడం మాత్రం కొంచెం నేర్చుకున్నాను. ఒక్కోసారి నవ్వులాటకు అనుకుంటాను, మనుషులకూ నంబరు కొడితే అలాంటి రిపోర్టు వస్తే నాకేం వస్తుందని. ఒకే ఊరు, ఒకే దుకాణం, ఒకే భార్య. ఎవరికీ చెడు చేసినట్టు రికార్డు లేదు. నాలుగు పేజీలూ పచ్చ గుర్తులే వస్తాయి.

ఇంతవరకు రాసి, నిన్న స్వరూపకు ఇచ్చాను. డ్యూటీ నుంచి వచ్చి, గేటు ముందు కారు ఆపి, దిగకుండా స్టీరింగు మీద కాగితాలు పెట్టుకుని చదివింది. నేను పక్క సీట్లో కూర్చుని, ఎక్కడ నవ్వుతుందా అని చూస్తున్నాను. మోకాలంత లారీ దగ్గర నవ్వింది. తరువాత నవ్వలేదు. చివరి కాగితం దాకా పోయి, రెండు కాగితాలు వెనక్కి తిప్పి, ఒకచోట వేలు పెట్టింది.

"నాయినా, నువ్వు తాండూరు యాడ పోయినవ్?"

నేను అద్దంలోంచి గేటు చూశాను.

"నువ్వు రైలు ఎక్కలే. కాకకు ఫోన్ చేసింది నేను. ఆయననే వచ్చిండు, గంత దగ్గుల, స్టేషన్ కాడికెళ్ళి నడుసుకుంట. నువ్వు గల్లా ముందట కూసొని లేవలే. 'సదువు రానోనికి రిపోర్టు ఏం సమజైతది' అన్నవ్, ఆయనకు ఇనబడేటట్టు. లోపటికి గుడ రమ్మనలే. ఆయన మన దుకాణం మెట్ల మీద కూసొని నాతోని సదివిచ్చుకున్నడు. గీ మాటలన్ని నాతోని అన్నయి. నువ్వు లోపట్నుంచి ఇన్నవ్." కాగితాలు మడిచి నా ఒళ్ళో పెట్టింది. "నీళ్ళు గుడ నేనే ఇచ్చిన."